ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్: దూరం ఒకటే, గంటలే రకరకాలు

మీరు అడిగింది ఇదీ. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్‌కు దూరం ఒక చోట 1,874 కి.మీ. అని, ఇంకో చోట 1,890 అని, రోడ్డు మ్యాప్‌లో దాదాపు 2,300 అని కనిపిస్తోంది. టికెట్ మీద చూస్తే పోయేటప్పుడు రెండు గంటల ప్రయాణంలా, వచ్చేటప్పుడు నాలుగు గంటలలా ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చే అమ్మానాన్నలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి మీతో కలిసి లిస్బన్ విమానం ఎక్కాలి, మధ్యలో ఎంత వ్యవధి ఉంచాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి గాల్లో సూటి దూరం 1,874 కి.మీ. ఎటు వెళ్ళినా ప్రయాణం మూడు గంటలే. లిస్బన్ వైపు నాలుగైదు నిమిషాలు ఎక్కువ, ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఆ మేరకు తక్కువ. రెండు, నాలుగు అని కనిపించేది గడియారం చేసే మాయ. అమ్మానాన్నల విషయంలో మూడు గంటల కంటే తక్కువ వ్యవధి పెట్టుకోకండి. ఇప్పుడు ఒక్కొక్కటీ ఎందుకలా అన్నది.

మీకు కనిపించిన మూడు దూరాల్లో ఏదీ తప్పు కాదు, మూడూ మూడు వేరే ప్రశ్నలకు జవాబులు. 1,874 అనేది రెండు విమానాశ్రయాల మధ్య దూరం. 1,890 నగరం నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం ఊరికి నైరుతిలో ఉంది, అంటే లిస్బన్ దిక్కునే. లిస్బన్ విమానాశ్రయం ఊరికి ఉత్తరాన, అంటే ఫ్రాంక్‌ఫర్ట్ వైపుకు జరిగి ఉంది. రెండు చివరలా కాస్త కాస్త కలిసొచ్చి ఆ పదిహేను కి.మీ. తగ్గాయి. 2,300 మాత్రం రోడ్డు: పారిస్, బోర్డో, ఇరూన్, బుర్గోస్, సలమాంకా మీదుగా. సముద్రాన్నీ పిరనీస్ కొండల్నీ చుట్టుకుని పోవాలి కాబట్టి సూటి దూరం మీద దాదాపు నాలుగో వంతు ఎక్కువ.

సైట్లను నమ్మడం కంటే లెక్క మీరే వేసి చూసుకోవచ్చు. ఇంటర్మీడియట్ లెక్కలు గుర్తుంటే చాలు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం 50.03 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 8.57 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. లిస్బన్‌ది 38.77 ఉత్తరం, 9.13 పడమర. అక్షాంశాల తేడా 11.26 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం 111.2 కి.మీ. కాబట్టి ఉత్తర దక్షిణాల దూరం 1,252 కి.మీ. రేఖాంశాలు ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి తీసివేయకూడదు, కూడాలి: 17.70 డిగ్రీలు. అయితే రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందుకని 111.2ను సగటు అక్షాంశం 44.4 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.714తో గుణించాలి. తూర్పు పడమరల దూరం సుమారు 1,406 కి.మీ. వస్తుంది. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 1,883. గోళం మీద పక్కా సూత్రంతో వేస్తే 1,874. ఫోన్‌లోని మామూలు కాలిక్యులేటర్‌తో వేసిన లెక్కకు తొమ్మిది కి.మీ. తేడా అంటే పర్వాలేదనే చెప్పాలి. ఇది యూరప్ లోపలి దూరాలకు సరిపోయే పద్ధతి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి దూరాలకు దీన్ని వాడితే లెక్క గాడి తప్పుతుంది, అక్కడ గోళం సూత్రమే పట్టుకోవాలి.

ఈ లెక్కలో జనం పప్పులో కాలేసే చోట్లు రెండు. ఒకటి, కొసైన్ మర్చిపోవడం. అప్పుడు జవాబు 2,333 కి.మీ. వస్తుంది. చిత్రమేమిటంటే అది రోడ్డు దూరానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ‘సరిపోయిందిలే’ అనిపించి తప్పు బయటపడదు. రెండోది ఇంకా పెద్దది: లిస్బన్ రేఖాంశానికి మైనస్ గుర్తు పెట్టకపోవడం. ఎక్సెల్ షీట్‌లో మైనస్ 9.13 బదులు ఉత్త 9.13 వేస్తే లిస్బన్ పోర్చుగల్ వదిలి సార్డీనియా దీవికి దక్షిణాన మధ్యధరా సముద్రంలో తేలుతుంది, దూరం 1,253 కి.మీ. అని చూపిస్తుంది. ఇది నవ్వుకుని వదిలేసే తప్పు కాదు, దీనికి డబ్బు కూడా ముడిపడి ఉంది. ఆ సంగతి కింద వస్తుంది.

మ్యాప్‌లో సరళరేఖ గీసి కొలిస్తే చాలదు, విమానాలు వంపు దారిలో పోతాయి కదా అని చాలామంది అంటుంటారు. నిజమే, కానీ ఈ దూరానికి అది పట్టించుకోవలసినంత విషయం కాదు. దిక్సూచి ఒకే దిక్కు చూపేలా పోతే 1,878 కి.మీ., వంపు దారిలో పోతే 1,874. నాలుగు కి.మీ. కూడా కలిసిరాదు. వంపు దారి గొప్పతనమంతా అట్లాంటిక్ దాటేటప్పుడే. అయితే ఫోన్‌లో మ్యాప్ మీద వేలితో కొలవకండి. ఆ మ్యాప్ ఉత్తరానికి పోయేకొద్దీ సాగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర అది దూరాన్ని 1.56 రెట్లు చేసి చూపిస్తే, లిస్బన్ దగ్గర 1.28 రెట్లే. ఒకే స్కేలుతో రెండు చివరలా కొలిస్తే లెక్క తేలదు. మ్యాప్ యాప్‌లో దూరం కొలిచే సాధనం విడిగా ఉంటుంది, అదైతే సరిగ్గానే చెబుతుంది. ఇక కొన్ని సైట్లలో 1,012 అని కనిపిస్తే కంగారుపడకండి, అవి నాటికల్ మైళ్ళు. ఒక్కోటి 1.852 కి.మీ. మామూలు మైళ్ళయితే 1,165.

ఈ సూటి గీత ఎక్కడెక్కడి మీదుగా పోతుందో చెబితే దూరం కళ్ళకు కడుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నైరుతికి, ఫ్రాన్స్‌ను ఈశాన్యం నుంచి అడ్డంగా కోసుకుంటూ పోతుంది. సరిగ్గా సగం దూరం ఎక్కడయ్యా అంటే బోర్డోకు పడమర, అట్లాంటిక్ ఒడ్డున ఆర్కషాన్ దగ్గర. యూరప్‌లోనే ఎత్తైన పిలా ఇసుకదిబ్బ ఉన్నది అక్కడే. అక్కడి నుంచి బిస్కే అఖాతం మూల మీదుగా పోయి, బిల్బావో, శాంతాందేర్ మధ్య స్పెయిన్ నేల తాకి, జమోరా మీదుగా పోర్చుగల్‌లోకి దిగుతుంది. మీ విమానం అచ్చంగా ఇదే గీత మీద పోదు. గాలిని బట్టి, ఆ రోజు ఆకాశంలో ఉన్న రద్దీని బట్టి దారి కాస్త అటూ ఇటూ అవుతుంది. అయినా ఒడ్డు వదిలి నీళ్ళ మీదికి వచ్చారంటే సగం దారి అయినట్టే.

ఇక గంటల సంగతి. ‘విమాన సమయం’ అనే ఒక్క మాటకు వెనక మూడు వేరే సమయాలు ఉన్నాయి, సైట్లు వాటిని కలగాపులగం చేస్తాయి. చక్రాలు నేల విడిచినప్పటి నుంచి మళ్ళీ నేల తాకేదాకా ఒకటి. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా ఇంకొకటి, దీన్ని బ్లాక్ టైమ్ అంటారు, టికెట్ మీద ఉండేది ఇదే. మూడోది ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా. మీరు ప్లాన్ వేసుకోవలసింది ఈ మూడోదానితో, కానీ దీన్ని ఏ సైటూ చెప్పదు.

మొదటిది లెక్కేద్దాం. ఈ దారిలో ఎక్కువగా తిరిగేవి ఎయిర్‌బస్ ఏ320 కుటుంబం విమానాలు. అవి ధ్వని వేగంలో 0.78 వంతు వేగంతో ఎగురుతాయి. పదకొండు కి.మీ. ఎత్తున చలి మైనస్ 56 డిగ్రీలు, అంత చలిలో ధ్వని వేగమే గంటకు 1,062 కి.మీ.కు పడిపోతుంది. కాబట్టి విమానం వేగం సుమారు 828. సూటి దూరాన్ని దాంతో భాగిస్తే 2 గంటల 16 నిమిషాలు. అసలు దారి సూటిగా ఉండదు, నూటికి ఐదు వంతులు ఎక్కువ వేసుకోండి, 1,970 కి.మీ. అయింది, 2 గంటల 23 నిమిషాలు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంత వేగం ఉండదు, దానికి పది పన్నెండు నిమిషాలు. వెరసి గాల్లో 2 గంటల 35 నిమిషాలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గేటు వదిలి రన్‌వే చేరి వరసలో ఆగడానికి పావుగంట, లిస్బన్‌లో దిగి గేటు చేరడానికి ఆరేడు నిమిషాలు. దాని మీద విమాన సంస్థ తన టైమ్‌టేబుల్ పరువు కోసం వేసుకునే ఐదారు నిమిషాల వెసులుబాటు. మూడు గంటలు అలా తయారైంది.

ఈ ఆఖరి వెసులుబాటు వల్లే గాల్లో ఉండగా పైలట్ ‘ఐదు నిమిషాలు ముందే దిగుతున్నాం’ అని ప్రకటిస్తుంటారు. అదేదో వేగంగా నడిపేసి తెచ్చిన లాభం కాదు, ముందే టైమ్‌టేబుల్‌లో దాచుకున్నది. బయల్దేరడం ఐదారు నిమిషాలు ఆలస్యమైనా లిస్బన్‌కు వేళకే చేరవచ్చు, అరగంట దాటితే మాత్రం ఆ దాచిన సొమ్ము చాలదు.

పోయే దారికీ వచ్చే దారికీ తేడా తెచ్చేది గాలి. యూరప్ మీద పై గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. లిస్బన్‌కు పోయేటప్పుడు విమానం వాటికి ఎదురు పోవాలి. ఎదురుగాలి గంటకు 60 కి.మీ. అనుకుంటే ఆ 1,970 కి.మీ.కు 2 గంటల 34 నిమిషాలు, తిరుగు దారిలో అదే గాలి వెనక నుంచి తోస్తే 2 గంటల 13. అంటే 21 నిమిషాల తేడా. చలికాలంలో జెట్ స్ట్రీమ్ (పై ఎత్తున సన్నని పట్టీలా మహా వేగంగా వీచే గాలి) దక్షిణానికి దిగి ఈ దారి మీద కూర్చుందనుకోండి, ఎదురుగాలి 150 దాకా పోవచ్చు, అప్పుడు పోయే దారి 2 గంటల 54 నిమిషాలు, అదీ ఎక్కడం దిగడం కలపకుండా. ఇంత తేడాను టైమ్‌టేబుల్ మొత్తంగా పట్టుకోలేదు. ఏడాది పొడుగునా వీచే గాలుల సగటును బట్టి వేస్తారు కాబట్టి టికెట్ మీద తేడా కొద్ది నిమిషాలే కనిపిస్తుంది. జనవరిలో ఒక రోజు పోయే విమానం అరగంట ఆలస్యంగా చేరితే అందులో ఎవరి తప్పూ ఉండకపోవచ్చు.

లిస్బన్ దగ్గర ఇంకో సంగతి ఉంది. అక్కడ వాడుకలో ఉన్న రన్‌వే ఒక్కటే, దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. గాలి ఎక్కువ రోజులు ఉత్తరం నుంచే వీస్తుంది, విమానం గాలికి ఎదురుగా దిగాలి, కాబట్టి దక్షిణం వైపు నుంచి దిగాలి. మీరేమో ఈశాన్యం నుంచి వస్తున్నారు. అంటే విమానాశ్రయాన్ని దాటి కిందికి పోయి, వెనక్కి తిరిగి, ఏప్రిల్ 25 వంతెన దగ్గర టేజో నది దాటి, ఊరి ఇళ్ళ కప్పుల మీదుగా దిగుతారు. కిటికీలోంచి చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఆ చుట్టుకు పది నిమిషాలు పోతాయి. రద్దీ ఉంటే గాల్లో ఒకటి రెండు చుట్లు అదనం. ఒక్క రన్‌వే మీద అంత రద్దీ కాబట్టే టేజో అవతల ఆల్కొషెట్ దగ్గర కొత్త విమానాశ్రయం కడతామని పోర్చుగల్ ప్రభుత్వం 2024 మేలో ప్రకటించింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలా కాదు, నాలుగు రన్‌వేలు. అయితే 2011లో తెరిచిన వాయవ్య రన్‌వే మీద దిగితే టెర్మినల్ చేరేసరికి ఇంకో పది పదిహేను నిమిషాలు చక్రాల మీదే. హైవే మీదుగా వంతెన ఎక్కి విమానం పోతుంటే ‘దిగాం కదా, ఇంకా ఎక్కడికి’ అనిపిస్తుంది, అది మామూలే.

గడియారం మాయ చాలా తేలిక. ఫ్రాంక్‌ఫర్ట్ కంటే లిస్బన్ ఒక గంట వెనక. ఉదాహరణకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో మధ్యాహ్నం 1:00కు బయల్దేరే విమానం లిస్బన్‌లో అక్కడి సమయం 3:05కు చేరిందంటే ప్రయాణం 3 గంటల 5 నిమిషాలు. లిస్బన్‌లో 1:00కు బయల్దేరి ఫ్రాంక్‌ఫర్ట్‌లో 5:00కు చేరితే నాలుగు కాదు, మూడే. టికెట్ మీద రెండు వేళలూ ఎప్పుడూ స్థానిక సమయాలే, దానికి మినహాయింపు లేదు. యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం ఒకే క్షణాన గడియారాలు మారుస్తాయి కాబట్టి ఈ గంట తేడా ఏడాది పొడుగునా మారదు. మారేది మన దేశంతో తేడా: ఫ్రాంక్‌ఫర్ట్ మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. లిస్బన్ ఐదున్నర, నాలుగున్నర. లిస్బన్ నుంచి హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఫోన్ చేసేటప్పుడు ఈ లెక్కే వేసుకోవాలి. కారులో పోయేవాళ్ళకు గడియారం ఎక్కడ మారుతుందంటే స్పెయిన్, పోర్చుగల్ సరిహద్దు దగ్గర. మాడ్రిడ్ అంత పడమరన ఉన్నా జర్మనీ సమయమే పాటిస్తుంది.

ఈ గంట తేడా వల్ల వచ్చే చిక్కు ఒకటి బుకింగ్ చేసేవాళ్ళు గమనించరు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో 2011 అక్టోబర్ నుంచి రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా షెడ్యూల్ విమానాలు నిషేధం. లిస్బన్‌లో రాత్రి 7కు బయల్దేరితే ఫ్రాంక్‌ఫర్ట్‌లో సరిగ్గా 11 అవుతుంది. అందుకే లిస్బన్‌లో రాత్రి భోజనం చేసుకుని నింపాదిగా ఎక్కేద్దామంటే ఫ్రాంక్‌ఫర్ట్‌కు విమానం దొరకదు. సాయంత్రం ఆఖరి విమానం గంటకు పైగా ఆలస్యమైతే ఆ నిషేధం అంచుకు చేరుతుంది. ఆలస్యమైన విమానాలకు కొంత మినహాయింపు ఉన్నా దాన్ని నమ్ముకోవద్దు. విమానం రద్దు కావచ్చు, వేరే ఊళ్ళో దించవచ్చు. మరునాడు పొద్దున్నే ఆఫీసో పరీక్షో ఉంటే మధ్యాహ్నం విమానమే పట్టుకోండి.

ఈ దారికి ఇంకో బలహీనత ఫ్రాన్స్. దారిలో పెద్ద భాగం ఫ్రెంచ్ గగనతలమే. అక్కడి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు సమ్మె చేస్తే మీరు ఫ్రాన్స్‌లో అడుగు పెట్టకపోయినా మీ విమానం ఆగుతుంది. విమానానికి ఒక బయల్దేరే నిమిషం కేటాయిస్తారు. దానికి ఐదు నిమిషాలు ముందు నుంచి పది నిమిషాలు తర్వాత దాకా మాత్రమే వదులుతారు. ఆ పదిహేను నిమిషాలు దాటిపోతే కొత్తగా వరసలో నిలబడాలి. అందరూ ఎక్కి తలుపులు వేసి గంటసేపు అలాగే కూర్చోబెట్టారని విసుక్కునేది ఇలాంటప్పుడే. ఎక్కించి సిద్ధంగా ఉంచకపోతే ఆ పదిహేను నిమిషాల వ్యవధి వచ్చినప్పుడు అందుకోలేరు.

ఇప్పుడు గుమ్మం నుంచి గుమ్మం లెక్క. ఫ్రాంక్‌ఫర్ట్ ప్రధాన స్టేషన్ నుంచి విమానాశ్రయానికి ఎస్8 లేదా ఎస్9 రైలులో పావుగంట లోపే. రెండు గంటల ముందు చేరాలి, ఒట్టి చేతిసంచితో అయితే గంటన్నర సరిపోతుంది, సెలవు రోజుల్లో సరిపోదు. మూడు గంటల ప్రయాణం. లిస్బన్‌లో దిగి సామాను తీసుకోవడానికి అరగంట. విమానాశ్రయం ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క, ఎర్ర లైన్ మెట్రో అక్కడి నుంచే మొదలవుతుంది. పాత బస్తీ వైపు పోవాలంటే అలమెదా స్టేషన్‌లో ఆకుపచ్చ లైన్‌కు మారి రొసియోలో దిగాలి. మొత్తం మీద ఇల్లు వదిలిన ఏడు గంటలకు హోటల్‌లో ఉంటారు. తిరుగు ప్రయాణంలో టెర్మినల్ చూసుకోండి: లిస్బన్‌లో తక్కువ ధర సంస్థల విమానాలు చాలావరకు రెండో టెర్మినల్ నుంచి బయల్దేరతాయి. అది మెట్రోకు ఆనుకుని లేదు, మొదటి టెర్మినల్ నుంచి ఉచిత బస్సు ఎక్కాలి. దిగేటప్పుడు మాత్రం అందరూ మొదటి టెర్మినల్‌కే వస్తారు కాబట్టి రెండోది ఒకటి ఉందన్న సంగతే చాలామందికి తిరిగి వెళ్ళే రోజు తెలుస్తుంది.

చవకగా దొరికిందని ‘ఫ్రాంక్‌ఫర్ట్-హాన్’ టికెట్ కొనేముందు మ్యాప్ చూడండి. పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నా అది ఊరికి 120 కి.మీ. దూరం. బస్సులో దాదాపు రెండు గంటలు. మూడు గంటల విమానం కోసం రెండు గంటల బస్సు ఎక్కడం గిట్టుబాటేనా అన్నది మీ ఇష్టం, తెల్లవారుజాము విమానమైతే నా మాట వద్దనే.

రైలు గురించి అడగలేదు గానీ ఒక్క మాట. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్, అక్కడి నుంచి స్పెయిన్ సరిహద్దులోని ఆందాయ్ దాకా హాయిగా పోవచ్చు. ఆ తర్వాతే కష్టం. ఆందాయ్ నుంచి లిస్బన్‌కు నడిచిన రాత్రి రైలును, మాడ్రిడ్, లిస్బన్ మధ్య రాత్రి రైలును 2020 మార్చిలో ఆపారు, తిరిగి నడపలేదు. స్పెయిన్, పోర్చుగల్ పాత పట్టాల వెడల్పు 1,668 మి.మీ., ఫ్రాన్స్, జర్మనీలది 1,435. అందుకే సరిహద్దు దగ్గర రైలు మారక తప్పదు. రెండు రోజులు తీరిక ఉంటేనే ఆ ఆలోచన.

అమ్మానాన్నల విషయానికి వస్తే, అసలు ప్రశ్న విమాన సమయం కాదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాళ్ళు దాటాల్సిన గడపలు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి నేరుగా విమానం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారడానికి కాగితం మీద కనీస వ్యవధి 45 నిమిషాలు. అది ఎయిర్‌పోర్ట్ తెలిసిన కుర్రాళ్ళు పరిగెత్తితే సరిపోయే వ్యవధి. వాళ్ళు షెంగెన్‌లోకి, అంటే లోపల పాస్‌పోర్ట్ తనిఖీ లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోకి, అడుగుపెట్టేది ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే, కాబట్టి పాస్‌పోర్ట్ తనిఖీ అక్కడే. 2025 అక్టోబర్ 12 నుంచి మొదలైన కొత్త ఎంట్రీ ఎగ్జిట్ పద్ధతిలో మొదటిసారి వచ్చేవాళ్ళ వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు, దానివల్ల వరస నెమ్మదిగా కదులుతుంది. మీకు జర్మనీ నివాస అనుమతి ఉంది కాబట్టి ఇది మీకు వర్తించదు, వాళ్ళకు వర్తిస్తుంది. దాని తర్వాత చేతిసంచుల సెక్యూరిటీ మళ్ళీ మొదటి నుంచి. అందుకే మూడు గంటలన్నాను.

ఆ సెక్యూరిటీ దగ్గర మనవాళ్ళు పోగొట్టుకునేది ఆవకాయ. నూనె ఓడే పచ్చడిని ద్రవం కింద లెక్క కడతారు, వంద మిల్లీలీటర్లు దాటితే బుట్టలోకే. కొత్త స్కానర్లున్న వరసల్లో ఈ నియమం సడలింది గానీ మీకు ఏ వరస వస్తుందో ముందే తెలియదు. పచ్చళ్ళన్నీ చెక్-ఇన్ పెట్టెలో సర్దమనండి. నెయ్యి, మాంసం పచ్చళ్ళు ఏ పెట్టెలోనూ వద్దు, యూనియన్ బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం.

వాళ్ళ టికెట్ హైదరాబాద్ నుంచి లిస్బన్ దాకా ఒకే బుకింగ్‌లో ఉండేలా చూడండి. పెట్టెలు నేరుగా లిస్బన్‌కు పోతాయి, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి విమానంలో ఎక్కించే పూచీ సంస్థదే. విడివిడిగా కొంటే పెట్టెలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దించుకుని, బయటికొచ్చి, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి, అప్పుడు మూడు గంటలు కూడా చాలవు, ఐదు పెట్టుకోండి. వీసా ఎక్కువ రోజులు ఉండే దేశం నుంచే తీసుకోవాలి. మీ ఇంట్లో నెల రోజులు ఉండి లిస్బన్‌లో నాలుగు రోజులైతే జర్మనీ వీసా. మీరు షెంగెన్ లోపలే తిరుగుతున్నా పాస్‌పోర్ట్, నివాస అనుమతి కార్డు రెండూ జేబులో ఉండాలి. ఒక్క కార్డు చూపించి ఎక్కేద్దామనుకుంటే గేటు దగ్గర ఆపేయవచ్చు.

పైన డబ్బు ముడిపడి ఉందన్నది ఇక్కడ. యూరప్‌లో విమానం మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరితే ఇచ్చే పరిహారం దూరాన్ని బట్టి ఉంటుంది: 1,500 కి.మీ. దాకా 250 యూరోలు, యూనియన్ లోపల అది దాటితే 400. ఫ్రాంక్‌ఫర్ట్, లిస్బన్ 1,874 కాబట్టి మనిషికి 400. ఇందాకటి సార్డీనియా తప్పు చేసి 1,253 అని రాసుకుంటే 250కే సరిపెట్టుకుని వస్తారు. కొలిచేది సూటి దూరమే. విమానం ఎంత తిరిగిందన్నది లెక్కలోకి రాదు. మధ్యలో విమానం మారినా మొదటి ఊరి నుంచి ఆఖరి ఊరికి సూటిగానే కొలుస్తారు. రోమ్ నుంచి బ్రసెల్స్ మీదుగా హాంబర్గ్ పోయిన ప్రయాణంలో రెండు ముక్కలు కలిపితే 1,656 కి.మీ., సూటిగా 1,326. యూనియన్ న్యాయస్థానం 2017లో 1,326నే పట్టుకుంది, ప్రయాణికులకు 250 మాత్రమే. అదే సూత్రం మీ అమ్మానాన్నలకు మేలు చేస్తుంది. హైదరాబాద్ నుంచి లిస్బన్ 3,500 కి.మీ. ఎప్పుడో దాటింది, యూరప్ సంస్థ విమానంలో ఒకే బుకింగ్ అయితే లిస్బన్ చేరడంలో ఆలస్యం నాలుగు గంటలు దాటినప్పుడు మనిషికి 600. ఫ్రెంచ్ కంట్రోలర్ల సమ్మె, వాతావరణం లాంటివి కారణమైతే ఈ పరిహారం రాదు, భోజనం, అవసరమైతే హోటల్ మాత్రం ఇవ్వాల్సిందే. ఈ పరిమితులు మార్చాలని ప్రతిపాదన ఉంది కాబట్టి క్లెయిమ్ వేసే రోజున అమల్లో ఉన్న నియమం చూసుకోండి.

ఆ మూడు గంటలు ఎప్పటిదాకా లెక్కపెట్టాలన్నదీ తేలిపోయిన విషయమే. సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్-బాన్ వచ్చిన ఒక విమానం చక్రాలు నేల తాకేసరికి ఆలస్యం 2 గంటల 58 నిమిషాలు, గేటు దగ్గర ఆగేసరికి 3 గంటల 3 నిమిషాలు. చక్రాలు తాకినప్పుడే చేరినట్టని సంస్థ వాదించింది. ఒక్క తలుపైనా తెరిచి ప్రయాణికులు దిగడానికి వీలైన క్షణమే చేరిన సమయం అని 2014లో న్యాయస్థానం చెప్పింది. లిస్బన్‌లో విమానం ఆలస్యంగా దిగితే సీటు బెల్టు తీసే తొందరలో మర్చిపోకుండా తలుపు తెరిచిన నిమిషం ఫోన్‌లో రాసుకోండి, బోర్డింగ్ పాస్ ఫొటో దాచుకోండి. జర్మనీలో అయితే ప్రయాణం జరిగిన సంవత్సరం చివరి నుంచి మూడేళ్ళ దాకా క్లెయిమ్ వేయవచ్చు.